భారీ టెక్స్ట్ ఫైలును చిన్న ఫైళ్లుగా విడగొట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు వికీపీడియా (తెవికీ) పేజీలన్నిటినీ ఒకే ఫైలుగా ఇచ్చే డంపును దించుకుని వ్యాసాలను విడివిడిగా తీసుకోవాలనుకునేవారు, అక్షరబద్ధం చేసిన నిఘంటువును ఆరోపానికి (అర్థం చెప్పే ఒక్కో పదానికి) ఒక ఫైలుగా మార్చాలనుకునేవారు, కార్యాలయంలో లక్షల వరుసల సీఎస్‌వీతో (గడులను కామాలతో వేరుచేసే పట్టిక ఫైలుతో) కుస్తీ పడేవారు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. వాటిని పని జరిగే క్రమంలో ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే చదువుకోవచ్చు. కమాండ్ల పేర్లను పలికే తీరులోనే రాశాను.

## పనికి దిగే ముందు

నా ఫైలు 3 జీబీ ఉంది, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకోవడం లేదు. విడగొట్టక తప్పదా?

చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. మామూలు ఎడిటర్లు ఫైలు మొత్తాన్ని మెమొరీలోకి తెచ్చుకోవాలని చూస్తాయి కనుక మొరాయిస్తాయి. అంతమాత్రాన ఫైలులో లోపం ఉన్నట్లు కాదు. చూడటమే మీ పని అయితే లినక్స్‌లోను, మ్యాక్‌లోను ఉండే లెస్ కమాండు ఎంత పెద్ద ఫైలునైనా తెరకు పట్టేంత మేరకే చదివి చూపిస్తుంది. ఒక మాట ఎక్కడుందో వెతకడానికి గ్రెప్, మొదటి వంద వరుసలు చూడటానికి హెడ్ సరిపోతాయి. వడపోతలు, కూడికలు కావాలంటే సీఎస్‌వీని ఎస్‌క్యూలైట్ డేటాబేసులోకి ఎక్కించుకోవడం మేలు. యాభై ముక్కల్లో వెతకడం కంటే ఒక్క డేటాబేసును అడగడం సులువు. అవతలి ప్రోగ్రాం లేదా పరికరం అంత పెద్ద ఫైలును తీసుకోలేనప్పుడు, పనిని పదిమందికి పంచవలసినప్పుడు, ఒక్కో రికార్డు ఒక్కో ఫైలుగా ఉండాల్సి వచ్చినప్పుడు మాత్రమే విడగొట్టడం గురించి ఆలోచించండి.

ఒక్కో ముక్క ఎంత ఉండాలి?

ముక్కను ఎవరు తీసుకుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలు పడతాయి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఫైలులో 65,536 మాత్రమే. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవు 4 జీబీ ఫైలును తీసుకోదు, దానికి ఒక్క బైటు తక్కువైతేనే తీసుకుంటుంది. జీమెయిల్‌లో జోడింపుల హద్దు 25 ఎంబీ. ఈమెయిలులో ప్రయాణించేటప్పుడు జోడింపు మూడో వంతు దాకా ఉబ్బుతుంది కనుక ఆ హద్దుకు చాలా కిందనే ఆగడం మంచిది. హద్దును పట్టించుకోకపోతే ఏమవుతుందో 2020లో ఇంగ్లండ్ చూసింది. ప్రయోగశాలల నుంచి వచ్చిన కోవిడ్ ఫలితాలను అక్కడి ప్రజారోగ్య సంస్థ పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లలోకి ఎక్కించింది. వరుసల హద్దు దాటినవి చప్పుడు లేకుండా జారిపోయి, సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కల్లో చేరలేదు. హద్దు ఎంత ఉంటే అందులో నాలుగింట మూడు వంతుల దగ్గరే ముక్కను ఆపడం నా అలవాటు.

డిస్కులో ఎంత ఖాళీ ఉండాలి?

అసలు ఫైలుకు సమానమైన చోటు, పైన ఒక పదో వంతు ఉంటే ఫరవాలేదు. అయితే ఒక్కో రికార్డును ఒక్కో ఫైలుగా తీస్తే ఈ లెక్క చెల్లదు. డిస్కు చోటును సాధారణంగా 4 కేబీల గదులుగా ఇస్తుంది కనుక ఒక కేబీ ఉన్న చిన్న ఫైలు కూడా ఒక పూర్తి గదిని ఆక్రమిస్తుంది. ఆ ప్రకారం 100 ఎంబీ నిఘంటువును లక్ష ఫైళ్లుగా చేస్తే డిస్కులో సుమారు 400 ఎంబీ పడుతుంది. అసలు ఫైలు కుదించిన రూపంలో ఉంటే దాన్ని ముందుగా విప్పి పెట్టుకోనక్కర లేదు. బీజెడ్‌క్యాట్ లేదా జెడ్‌క్యాట్ ద్వారా విప్పుతూ, వచ్చిన పాఠాన్ని పైపు గుర్తుతో నేరుగా కోసే కమాండుకు అందించవచ్చు.

ఆన్‌లైన్‌లో ఫైలు ఎక్కిస్తే ముక్కలు చేసిచ్చే సైట్లు ఉన్నాయి కదా?

ఉన్నాయి. బహిరంగంగా దొరికే డేటాకైతే వాడుకోవచ్చు, కానీ పెద్ద ఫైలును ఎక్కించి దించుకునే సమయంలో మీ కంప్యూటరులోనే ఆ పని పదిసార్లు చేయవచ్చు. పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ అంకెలు, రోగుల వివరాలు ఉన్న ఫైలును మాత్రం ఎన్నడూ ఎక్కించవద్దు.

## కోత ఎక్కడ పడాలి

సరిగ్గా 100 ఎంబీకి ఒక ముక్క చొప్పున కోస్తే ఏమవుతుంది?

రికార్డు మధ్యలోనే కాదు, అక్షరం మధ్యలో కూడా కోత పడవచ్చు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ‘తెలుగు’ అనే మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమే, అయినా అందులోనూ స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి అని ఆరు సంకేతాలున్నాయి కనుక అదీ 18 బైట్లే. బైట్ల లెక్కన కోస్తే కత్తి ఈ పద్దెనిమిదింటిలో ఎక్కడైనా పడుతుంది. మూడు బైట్ల సంకేతం మధ్యలో పడితే మొదటి ముక్క చివర, రెండో ముక్క మొదట ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్లు కనబడతాయి, కొన్ని ప్రోగ్రాములు ఫైలును తెరవడానికే నిరాకరిస్తాయి. సంకేతాల మధ్య పడితే లోపం అంత తేలికగా కంటపడదు, కానీ తెగిన గుణింతపు గుర్తు తరువాతి ముక్కలో చుక్కల వలయం మీద ఒంటరిగా వేలాడుతుంది. మళ్లీ అతికించడానికే పంపే ముక్కలైతే బైట్ల కోత చక్కగా పనికొస్తుంది. ముక్కను విడిగా చదివేవారుంటే మాత్రం పనికిరాదు.

లైన్ల లెక్కన కోస్తే ఏ ప్రమాదమూ లేనట్లేనా?

ఒక రికార్డు ఒకే లైనులో ఉంటుందని రూఢిగా తెలిస్తే లేనట్లే. సీఎస్‌వీలో ఆ హామీ లేదు. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న గడిలో లైను విరుపు ఉండవచ్చు. చిరునామాల గడుల్లో ఇది సర్వసాధారణం.

```
1041,"గాంధీచౌక్, తెనాలి",అందింది
1042,"ఇంటి నం. 3-41
పాత బస్టాండు వెనుక, తెనాలి",అందలేదు
1043,"కొత్తపేట, గుంటూరు",అందింది
```

ఇక్కడ రికార్డులు మూడు, లైన్లు నాలుగు. రెండో లైను తరువాత కోత పడితే మొదటి ముక్కలో కొటేషన్ మూసుకోదు, రెండో ముక్క ‘పాత బస్టాండు’తో మొదలవుతుంది. ఆ మొదటి ముక్కను ఎక్సెల్ ఏ ఫిర్యాదూ చేయకుండా తెరవడమే ఇందులో అసలు ఇబ్బంది. కొటేషన్లు ఉన్న సీఎస్‌వీని కొటేషన్లు అర్థమయ్యే పనిముట్టుతోనే కోయాలి. పైథాన్‌లోని సీఎస్‌వీ మాడ్యూలు అందుకు చాలు.

నా ఫైలులో రికార్డు ఎక్కడ మొదలవుతుందో ఎలా తేల్చుకోవాలి?

మొదటి యాభై లైన్లు చూసి నిర్ణయించకండి. మొదట, మధ్యలో, చివర మూడు చోట్ల చూడండి. అక్షరబద్ధం చేసిన నిఘంటువు ఒకటి ఇలా ఉందనుకోండి.

```
అంకణము : వి. 1. రెండు దూలముల నడిమి చోటు.
   2. ఇంటి కొలతలో ఒక ప్రమాణము.
అంకె : వి. సంఖ్యను తెలిపే గుర్తు.
```

‘కోలన్ ఉన్న లైనుతో కొత్త ఆరోపం మొదలవుతుంది’ అనిపిస్తుంది. కానీ అర్థ వివరణల్లోనూ కోలన్లు వస్తాయి. ‘ఖాళీతో మొదలుకాని లైను కొత్త ఆరోపం’ అన్న నియమం ఇక్కడ గట్టిది, అయితే ఓసీఆర్ (బొమ్మ నుంచి అక్షరాలు రాబట్టడం) చేసినవారు లైను మొదటి ఖాళీలను తుడిచేసి ఉంటే అదీ కుప్పకూలుతుంది. అందుచేత రెండు నియమాలూ కలిపి, అంటే ఖాళీ లేకుండా మొదలై, తెలుగు మాట తరువాత కోలన్, ఆ వెంటనే వ్యాకరణ సంకేతం ఉండాలని రాసుకుని, ఆ నియమానికి సరిపడే లైన్లు ఎన్నో గ్రెప్‌తో లెక్కించండి. పుస్తకం ముందుమాటలో ఆరోపాల సంఖ్య ఇచ్చి ఉంటే దానితో పోల్చండి. తేడా వందల్లో ఉంటే కోత మొదలుపెట్టకండి. ఈ లెక్కింపుకు అరగంట పడుతుంది, తప్పు నియమంతో చేసిన ముక్కలను మళ్లీ కలిపి సరిచేయడానికి రెండు రోజులు పడుతుంది.

జిల్లాల వారీగా విడగొట్టాను. తెలంగాణకు 33 రావాలి, నాకు 41 ఫైళ్లు వచ్చాయి. ఎందుకు?

మనిషికి ఒకటిగా కనిపించే పేర్లు కంప్యూటరుకు వేరువేరు. ‘రంగారెడ్డి’, ‘రంగా రెడ్డి’, చివర ఒక ఖాళీ ఉన్న ‘రంగారెడ్డి’ మూడు జిల్లాలవుతాయి. ‘వరంగల్’, ‘వరంగల్లు’ రెండవుతాయి. కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం పొల్లు తరువాత ఉన్న పేరుకు, లేని పేరుకు తెరపై తేడా తెలియకపోవచ్చు. పేర్లు మారిన జిల్లాలు మరో చిక్కు: 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారాయి కనుక పాత, కొత్త వరుసలు కలిసి ఉన్న ఫైలులో నాలుగు పేర్లూ దొరుకుతాయి. కోయడానికి ముందే ఆ నిలువు వరుసను మాత్రం తీసి, సార్ట్, యునీక్ కమాండ్లతో ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూసి, రూపాలన్నిటినీ ఒక పట్టికతో ఏకం చేయండి. జిల్లా కోడు అంకెల్లో ఉంటే పేరును వదిలి దాన్నే వాడండి.

నిఘంటువును మొదటి అక్షరం వారీగా విడగొట్టాలి. క్ష ఎక్కడికి వెళుతుంది?

మొదటి సంకేతం ప్రకారం చేస్తే క్షతో మొదలయ్యే మాటలన్నీ ‘క’ ఫైలులోకి వెళతాయి, ఎందుకంటే యూనికోడులో క్షకు విడి సంకేతం లేదు. అది క, పొల్లు, ష కలయిక. మీ మూల గ్రంథం క్షకు విడి ప్రకరణం ఇచ్చి ఉంటే ఆ రెండు రకాలనూ విడదీసే నియమం మీరే రాయాలి. ఫైళ్ల పరిమాణాలు సమానంగా ఉండవని కూడా ముందే తెలుసుకోండి: క, ప, మ ఫైళ్లు లావుగా ఉంటాయి, ఙ ఫైలు అసలు పుట్టకపోవచ్చు.

## కోసేటప్పుడు

స్ప్లిట్ కమాండు వాడాను, ఎక్స్ఏఏ, ఎక్స్ఏబీ అంటూ ఏవేవో ఫైళ్లు వచ్చాయి. ఇదేమిటి?

ఏ సూచనా ఇవ్వకపోతే స్ప్లిట్ వెయ్యి లైన్లకు ఒక ముక్క చేసి, ఎక్స్ అక్షరం తరువాత రెండు అక్షరాల తోక తగిలిస్తుంది. రెండు అక్షరాలతో 676 పేర్లే వీలవుతాయి కనుక ఆరేడు లక్షల లైన్లు దాటిన ఫైలులో తేడాలు మొదలవుతాయి: లినక్స్‌లో సాధారణంగా ఉండే గ్నూ రకం స్ప్లిట్ తోకను తనే పొడిగించుకుంటుంది, తోక పొడవును మీరే రెండుగా బిగించి ఉంటే పేర్లు అయిపోయాయని చెప్పి మధ్యలో ఆగిపోతుంది. హైఫన్ ఎల్ తరువాత లైన్ల సంఖ్య, హైఫన్ డీ ఇస్తే అంకెల తోకలు, హైఫన్ ఏ తరువాత తోక పొడవు, చివర మీకు నచ్చిన ముందు పేరు ఇవ్వండి. లైను తెగకుండా పరిమాణం హద్దులో ఉండాలంటే పెద్ద అక్షరం (క్యాపిటల్) సీ ఆప్షను ఉంది. 20 ఎంబీ అని చెబితే, లైనే అంతకంటే పెద్దది కానంతవరకు, పూర్తి లైన్లతో 20 ఎంబీ దాటకుండా నింపుతుంది. మ్యాక్‌తో వచ్చే స్ప్లిట్ బీఎస్‌డీ రకానిది, ఆప్షన్లలో తేడాలుంటాయి. గ్నూ కోర్‌యుటిల్స్‌ను, మ్యాక్‌లో ప్రోగ్రాములు తెచ్చిపెట్టే హోంబ్రూ ద్వారా తెచ్చుకుంటే జీస్ప్లిట్ పేరుతో గ్నూ రకం దొరుకుతుంది.

మొదటి ముక్కలోనే శీర్షిక వరుస ఉంది. మిగతావాటిలో ఎందుకు లేదు?

స్ప్లిట్‌కు శీర్షిక అనేది తెలియదు, దానికి అదీ ఒక లైనే. మొదటి లైనును హెడ్‌తో విడిగా దాచుకుని, రెండో లైను నుంచి టెయిల్‌తో తీసిన భాగాన్ని కోసి, ప్రతి ముక్క ముందూ దాచిన శీర్షికను అతికించాలి. పైథాన్‌లో అయితే కొత్త ముక్క తెరిచిన ప్రతిసారీ మొదట శీర్షిక రాయించడమే. ముక్కను ఎక్సెల్‌లో తెరిచేవారుంటే ఇంకొక్క సంగతి: మూల ఫైలు మొదట కనిపించని మూడు బైట్ల బామ్ గుర్తు ఉండి ఉంటే మామూలు స్ప్లిట్‌లో అది మొదటి ముక్కకే పోతుంది, దాంతో మొదటి ముక్కలో తెలుగు చక్కగా, మిగతావాటిలో పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. పైథాన్‌లో రాసేటప్పుడు యూటీఎఫ్-8-సిగ్ అనే ఎన్‌కోడింగ్ ఎంచుకుంటే ప్రతి ముక్కకూ ఆ గుర్తు పడుతుంది.

పాఠాన్ని లైను లైనుగా చదివి పనిచేసే ఆక్‌తో విడగొట్టాను. కొన్ని ఫైళ్లలో చివరి రికార్డు మాత్రమే మిగిలింది. మిగతావి ఏమయ్యాయి?

తుడిచిపెట్టుకుపోయాయి. ఒక మధ్యాహ్నమంతా ఇదే తప్పుతో పోగొట్టుకున్నాను కనుక వివరంగా చెబుతాను. రకరకాల పేర్లకు రాస్తూ పోతే ఆక్ తెరిచిన ఫైళ్లన్నిటినీ తెరిచే ఉంచుతుంది. ఒక ప్రోగ్రాం ఒకేసారి తెరవగల ఫైళ్లకు లినక్స్‌లో సాధారణంగా 1,024, మ్యాక్‌లో 256 హద్దు ఉంటుంది. గ్నూ ఆక్ ఆ హద్దును లోపలే సర్దుకుంటుంది, ఇతర రకాలు ‘మరీ ఎక్కువ ఫైళ్లు తెరిచి ఉన్నాయి’ అని ఆగిపోతాయి. దానికి విరుగుడుగా ప్రతి రికార్డు రాయగానే క్లోజ్ చేయమంటారు, అదీ సరైన సలహాయే. అయితే ఒకే బాణం గుర్తుతో రాస్తే ఫైలును తెరిచినప్పుడల్లా ఆక్ దాన్ని ఖాళీ చేసి మొదలుపెడుతుంది. మూసి మళ్లీ తెరిచిన ప్రతిసారీ పాతది పోతుంది, చివరిది మిగులుతుంది. క్లోజ్ వాడితే రెండు బాణాల గుర్తు పెట్టాలి. అప్పుడు చేర్పుగా రాస్తుంది. రెండు బాణాలు పెట్టాక మరో జాగ్రత్త కావాలి: ప్రోగ్రామును రెండోసారి నడిపితే పాత ముక్కలకే మళ్లీ చేరుతుంది కనుక ప్రతి పరుగుకు ముందు ఫోల్డరును ఖాళీ చేయండి.

ప్రతి అధ్యాయం ఒక ఫైలు కావాలి. ఆక్ రాయడం రాదు, ఇంకో దారి ఉందా?

సీస్ప్లిట్ ఉంది. ‘అధ్యాయం’ అనే మాటతో మొదలయ్యే లైను దగ్గర కోయమని ఒక నమూనా ఇచ్చి, పక్కన మీసాల బ్రాకెట్లలో నక్షత్రం గుర్తు పెడితే ఫైలు చివరిదాకా అలాగే కోస్తుంది. హైఫన్ జెడ్ ఇస్తే ఖాళీ ముక్కలను వదిలేస్తుంది. మధ్యలో తప్పు జరిగితే అప్పటిదాకా చేసిన ముక్కలను అదే చెరిపేస్తుంది. వాటిని ఉంచాలంటే హైఫన్ కే ఇవ్వాలి. నక్షత్రం గుర్తు గ్నూ రకానికే ప్రత్యేకం, మరో రకమైతే ఎన్నిసార్లో అంకెలో చెప్పవలసి ఉంటుంది.

ఎక్స్‌ఎమ్ఎల్ ఫైలును లైన్ల లెక్కన కోయకూడదా?

సాధారణంగా కూడదు. ఎక్స్‌ఎమ్ఎల్‌లో తెరిచిన ప్రతి ట్యాగూ మూసుకోవాలి, మొత్తాన్నీ చుట్టి ఉంచే వేరు (రూట్) ట్యాగు ఒక్కటే ఉండాలి. మధ్యలో కోసిన ముక్కను ఏ పార్సరూ (ఎక్స్‌ఎమ్ఎల్‌ను చదివే ప్రోగ్రాం) ఒప్పుకోదు. ప్రతి ముక్కకూ మొదట ప్రకటన లైను, వేరు ట్యాగు తెరుపు, చివర దాని మూసివేత మీరే చేర్చాలి. పార్సరు ఒక్కో రికార్డును ఇస్తుండగా రాసుకుంటూ పోవడమే నమ్మదగిన పద్ధతి.

తెవికీ డంపు ఈ విషయంలో కొంత ఉదారమైనది. అందులో పేజ్ ట్యాగు తెరుపు, మూసివేత విడి లైన్లలో ఉంటాయి. వ్యాసంలో ఎవరైనా కోణాకార బ్రాకెట్లు రాసినా అవి సంకేత రూపంలోకి మారి ఉంటాయి కనుక వ్యాస పాఠంలోని ట్యాగు డంపు ట్యాగుతో కలగలిసిపోదు. ఆ ఒక్క కారణంగా ఈ ఫైలును లైన్ల ఆధారంగా కోసినా నడుస్తుంది. ఈ అదృష్టాన్ని నమ్ముకుని మరో ఎక్స్‌ఎమ్ఎల్‌కు అదే ప్రోగ్రామును వాడితే మాత్రం చిక్కే. అలా తీసిన పాఠంలో కోణాకార బ్రాకెట్లు, ఆంపర్‌సాండ్లు ఇంకా సంకేత రూపంలోనే ఉంటాయి, వాటిని తిరిగి మార్చుకోవాలి.

పైథాన్‌తో ఎక్స్‌ఎమ్ఎల్ చదువుతుంటే మెమొరీ నిండి కంప్యూటరు బిగుసుకుపోతోంది. ఏం చేయాలి?

ఫైలంతా ఒకేసారి చదివే పార్స్ బదులు విడతలుగా చదివే ఇటర్‌పార్స్ వాడాలి. అయితే ఇటర్‌పార్స్ కూడా చదివిన చెట్టును తనంతట తాను పారేయదు. ఒక పేజీని రాయడం అయిపోగానే ఆ ఎలిమెంటును క్లియర్ చేయాలి. అక్కడితో ఆగితే ఖాళీ అయిన ఎలిమెంట్లు లక్షల కొద్దీ వేరు ట్యాగుకు వేలాడుతూనే ఉంటాయి కనుక మొదటి స్టార్ట్ సంఘటనలో వేరును పట్టుకుని, అప్పుడప్పుడు దాన్నీ క్లియర్ చేయండి. ‘పేజ్ అని వెతికితే ఒక్కటీ దొరకడం లేదు’ అని కూడా చాలామంది రాస్తారు. వికీ డంపులో ట్యాగులన్నిటికీ నేమ్‌స్పేసు ఉంటుంది, పైథాన్ దాన్ని మీసాల బ్రాకెట్లలో ట్యాగు పేరుకు ముందు చేర్చి ఇస్తుంది. పూర్తి పేరుతో వెతకండి లేదా మూసే బ్రాకెట్టు తరువాతి భాగాన్ని మాత్రమే పోల్చండి.

తెవికీ డంపులో వ్యాసాలకంటే చాలా ఎక్కువ ఫైళ్లు వస్తున్నాయి. తప్పు ఎక్కడ?

కోతలో తప్పు ఉండకపోవచ్చు. డంపులో వ్యాసాలే కాక మూసలు, వర్గాలు, వికీపీడియా పేరుబరి (పేజీల విభాగం) పేజీలు కూడా ఉంటాయి. ప్రతి పేజీలోనూ ఎన్ఎస్ అనే ట్యాగులో పేరుబరి సంఖ్య ఉంటుంది: వ్యాసాలకు 0, మూసలకు 10, వర్గాలకు 14. సున్నా ఉన్నవాటినే ఉంచండి. వాటిలోనూ దారిమార్పు పేజీలుంటాయి. వాటికి రీడైరెక్ట్ అనే ట్యాగు ఉంటుంది కనుక దాని ఆధారంగా వదిలేయవచ్చు.

నాకు డంపులోని పది వ్యాసాలే కావాలి. అంతా విప్పి, కోయాలా?

అక్కర లేదు. మల్టీస్ట్రీమ్ పేరుతో వచ్చే డంపు వంద పేజీలకు ఒకటి చొప్పున విడివిడిగా కుదించిన భాగాలను వరుసగా పేర్చిన ఫైలు. దానితోపాటు ఒక సూచిక ఫైలు ఇస్తారు. అందులో ప్రతి లైనులోనూ ఆ భాగం ఏ బైటు దగ్గర మొదలవుతుందో, పేజీ సంఖ్య, శీర్షిక ఉంటాయి. మీ శీర్షికను సూచికలో వెతికి, ఆ బైటు దగ్గరికి దూకి, ఆ ఒక్క భాగాన్నే విప్పితే వంద పేజీలు చేతికొస్తాయి. ఇతర సంస్థలు ఇచ్చే పెద్ద ఫైళ్లకు కూడా ఇలాంటి సూచిక ఉంటే ఎంత హాయిగా ఉండేదో అనిపిస్తుంది.

జేసన్ ఫైలంతా ఒకే లైనులో ఉంది. ఎలా?

ఆ ఫైలు చదరపు బ్రాకెట్లలో ఉన్న ఒక పెద్ద జాబితా అయి ఉంటుంది. ముందుగా దాన్ని లైనుకు ఒక రికార్డు ఉండే జేసన్ లైన్స్ రూపానికి మార్చండి. మెమొరీ చాలితే జేక్యూలో హైఫన్ సీ ఆప్షనుతో ఒక్క లైను కమాండు, చాలకపోతే పైథాన్‌లో ఐజేసన్ లైబ్రరీ. ఆ రూపంలో లైను విరుపులు రికార్డు లోపల సంకేతంగానే ఉంటాయి కనుక మామూలు స్ప్లిట్‌తో నిర్భయంగా కోయవచ్చు. కామాల దగ్గర కోయాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

నాది విండోస్. పవర్‌షెల్‌తో చేస్తే తెలుగు పాడైపోయింది.

విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1, బామ్ గుర్తు లేని యూటీఎఫ్-8 ఫైలును పాత ఎన్‌కోడింగుగా పొరబడి చదువుతుంది. అవుట్-ఫైల్‌తో రాసేటప్పుడు యూటీఎఫ్-16లో రాస్తుంది. చదివేచోట, రాసేచోట రెండింటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా ఇవ్వాలి. పెద్ద ఫైళ్లకు అది నెమ్మది కూడా. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్‌ను పెట్టుకోవడం లేదా పైథాన్ వాడటం మేలు.

## ముక్కల పేర్లు, ఫోల్డర్లు

ఫైళ్లు 1, 10, 11, 2 అనే వరుసలో కనిపిస్తున్నాయి. సరిచేయడం ఎలా?

అంకెలకు ముందు సున్నాలు చేర్చండి: 0001, 0002, 0010. ముక్కలు ఎన్ని వస్తాయో అంచనా వేసి, దానికంటే ఒక అంకె ఎక్కువే పెట్టుకోండి. ముక్కలను తిరిగి అతికించేటప్పుడు నక్షత్రం గుర్తు ఇస్తే క్యాట్ కమాండుకు ఫైళ్లు పేర్ల వరుసలోనే అందుతాయి కనుక ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

వ్యాసం పేరునే ఫైలు పేరుగా పెట్టవచ్చా?

పెట్టవచ్చు కానీ నేను పెట్టను. ‘వికీపీడియా:రచ్చబండ’లోని కోలన్‌ను విండోస్ ఒప్పుకోదు, ప్రశ్నార్థకం, నక్షత్రం, కొటేషన్, నిలువు గీత కూడా అంతే. శీర్షికలో ఏటవాలు గీత ఉంటే ఏ కంప్యూటరైనా దాన్ని ఫోల్డరు అనుకుంటుంది. లినక్స్‌లో పేరుకు హద్దు 255 బైట్లు, అంటే తెలుగులో 85 సంకేతాలు; గుణింతాలు, ఒత్తులు లెక్కేస్తే నలభై అక్షరాలకే నిండిపోవచ్చు. మరొకటి చాలామందికి తెలియదు: ఐత్వం గుర్తు యూనికోడులో ఒకే సంకేతంగానూ, ఎత్వం, ఐత్వపు తోక అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడగొట్టిన రూపంలోకి మార్చి దాచేది కనుక ‘మైలవరం’ అని మీరు పెట్టిన పేరును అక్కడి నుంచి తెచ్చి లినక్స్‌లో వెతికితే దొరకని సందర్భాలుంటాయి. పేజీ సంఖ్యను ఫైలు పేరుగా పెట్టి, సంఖ్యకు శీర్షికను చూపే సూచిక ఫైలును పక్కన ఉంచితే ఈ గొడవలేవీ ఉండవు.

లక్ష ఫైళ్లున్న ఫోల్డరు తెరిస్తే కంప్యూటరు ఆగిపోతోంది.

ఒకే ఫోల్డరులో అన్ని ఉంచకండి. సంఖ్యలోని చివరి రెండు అంకెల ప్రకారం వంద ఉపఫోల్డర్లు చేస్తే ఒక్కోదానిలో వెయ్యి చొప్పున సమంగా సర్దుకుంటాయి. కమాండులో నక్షత్రం గుర్తు పెట్టినప్పుడు ‘ఆర్గ్యుమెంట్ల జాబితా మరీ పొడవైంది’ అన్న సందేశం వస్తే ఫైండ్, ఎక్స్ఆర్గ్స్ కలిపి వాడండి.

## సరిచూసుకోవడం

ఏదీ పోలేదని ఎలా నమ్మాలి?

కోత మాత్రమే జరిగి, శీర్షికలు వంటివి చేర్చకపోయి ఉంటే ముక్కలన్నిటినీ క్యాట్‌తో వరుసగా కలిపి, షా256సమ్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం) తీసి, మూల ఫైలు షా256సమ్‌తో పోల్చండి. ఒక్క బైటు తేడా ఉన్నా బయటపడుతుంది. శీర్షికలను గాని, వేరు ట్యాగులను గాని చేర్చినప్పుడు ఈ పోలిక కుదరదు. అప్పుడు రికార్డుల లెక్క తీయాలి, అదీ కోసిన ప్రోగ్రాముతో కాక వేరే పద్ధతితో: పైథాన్‌తో కోస్తే గ్రెప్‌తో లెక్కించడం వంటిది. ఒకే నియమంతో కోసి, అదే నియమంతో లెక్కిస్తే తప్పు రెండుచోట్లా ఒకేలా జరిగి లెక్క సరిపోయినట్లే కనిపిస్తుంది. సంఖ్యలు కుదిరాక మొదటి ముక్క, చివరి ముక్క, అన్నిటిలోకి పెద్దది, అన్నిటిలోకి చిన్నది తెరిచి చూడండి. లోపాలు దాదాపు ఎప్పుడూ ఈ నాలుగింటిలోనే దాక్కుంటాయి.

డబ్ల్యూసీ ఒక లైను తక్కువ చూపిస్తోంది. ఒక రికార్డు పోయిందా?

పోయి ఉండకపోవచ్చు. డబ్ల్యూసీ లైను విరుపులను లెక్కిస్తుంది, మూల ఫైలు చివరి లైను తరువాత విరుపు లేకపోతే ఒకటి తగ్గుతుంది. టెయిల్‌తో చివరి లైను చూసి నిర్ధారించుకోండి. అయితే అలాంటి ముక్క వెనుక మరో ముక్కను అతికిస్తే రెండు రికార్డులు ఒకే లైనులో కలిసిపోతాయి కనుక విరుపును చేర్చి పెట్టుకోవడం మంచిది.

పైథాన్ సీఎస్‌వీ మాడ్యూలు ఒక చోట ఆగి ‘గడి హద్దు 1,31,072 దాటింది’ అంటోంది.

మీ డేటాలో నిజంగా అంత పెద్ద గడి ఉండటం అరుదు. చాలాసార్లు ఎక్కడో తెరిచిన కొటేషన్ మూసుకోక, ఆ తరువాతి వేల వరుసలన్నీ ఒకే గడిలోకి చేరిపోయి ఉంటాయి. హద్దును పెంచే ఆప్షను ఉంది, కానీ వెంటనే దాన్ని పెంచేస్తే లోపాన్ని కప్పిపెట్టినట్లే. ఆగిన వరుస సంఖ్య చూసి, అంతకు ముందు సరిగ్గా చదివిన చివరి రికార్డు తరువాత వచ్చే కొటేషన్లను పరిశీలించండి.

ముక్కలు సిద్ధమయ్యాయి. మూల ఫైలును తీసేయవచ్చా?

తీసేయకండి, కుదించి పక్కన పెట్టండి. దానితోపాటు కోసిన ప్రోగ్రామును, మూల ఫైలు షా256సమ్‌ను, దించుకున్న తేదీని ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో ఉంచండి. ఎవరైనా ముక్కల్లో దిద్దుబాట్లు చేయబోతుంటే, ఇకపై ముక్కలే అసలు ప్రతో, మూల ఫైలే అసలు ప్రతో కూడా అదే ఫైలులో రాసిపెట్టండి. నిఘంటువు పనిలో పదిమంది పది ముక్కలు దిద్దుతుండగా పదకొండో వ్యక్తి మూలాన్ని మళ్లీ కోసి, దిద్దిన వాటి మీద పోయడం నేను చూశాను.